ఏడో గ్యాలరీ సున్నలు

నమోదు 1

ఐదో బొగ్గు బాయి, ఏడో గ్యాలరీ, పెట్టె గది, అంటే సర్వర్ గది. మొదటి షిఫ్ట్. రాస్తున్నది సారక్క.

ఈ పుస్తకంలో "అంతా సవ్యం" అని రాసి సంతకం పెట్టి పోవాలట. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లు అదే రాశారు, పేజీల కొద్దీ. ఇవాళ అంతా సవ్యం కాదు, కాబట్టి ఉన్నది రాస్తున్నాను. చదివేవాళ్లకు కష్టంగా ఉంటే పుస్తకం మూసేయొచ్చు.

పొద్దున జల్లెడలు దులిపాను. నాలుగు ఫ్యాన్లకు నూనె వేశాను. ఐదోది మళ్లీ పిల్లిలా మూలుగుతోంది, దాని బేరింగ్ అడిగి ఎనిమిది నెలలైంది. ఇంతలో ముప్పై ఒకటో గది గంట మోగింది. అది పెంటవ్వ గది. వెళ్లి చూస్తే గాలి తలుపు మూసుకుపోయి ఉంది.

"పొల్లా, నా తలుపు అలిగింది సూడు," అంది పెంటవ్వ. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. పైన మనుషులు బతికిన రోజుల్లో బొగ్గు తట్టలు మోసింది. ఊపిరి తీస్తే ఛాతీలో ఈల వేసినట్టు వినిపిస్తుంది.

"అలిగిందా, సచ్చిందా?"

"సస్తే నేనే జెప్త తియ్. అలిగింది గంతే. జర బుదురకియ్యి, మంచిగ జెప్పి సూడు."

పానా పెట్టి రేకును పైకి లేపాను. గంట తిరగ్గానే దానంతట అదే దిగింది. ప్రతి గాలి తలుపూ గంటకోసారి మా సర్వర్‌ను అడుగుతుంది, ఈ గదిలో ఉండే మనిషి ఫైల్ ఉందా అని. ఉందంటే తెరుచుకుంటుంది. లేదంటే మూసుకుంటుంది. ఏడేళ్లుగా ఉందనే అంటోంది. ఇవాళ లేదంటోంది. ఫైల్ మాత్రం నా కళ్ల ముందే ఉంది.

పెంటవ్వను పక్క గదిలో కూర్చోబెట్టాను. ఆ గదికి వచ్చే గాలి ఇద్దరికి. ఇప్పుడు ముగ్గురు.

నమోదు 2

పోయిన వారం పైకార్యాలయం కొత్త నియమాలు దింపింది. బయటి ఫైళ్లు చొరబడుతున్నాయట, వాటిని ఆపాలట. బయట యాభై ఎనిమిది డిగ్రీల ఎండలో ఎవడు కూర్చుని ఫైళ్లు పంపుతున్నాడో వాళ్లకే తెలియాలి. అన్ని తలుపులకూ ఒకేసారి ఎక్కవు. ఏ గది తలుపు మళ్లీ మొదలైతే ఆ గదికి కొత్త నియమాలు పడతాయి. పెంటవ్వ తలుపు ఆ పొద్దునే వైరు ఊడి ఆగి మొదలైంది. అందుకే ముందు ఆమెకు పడింది.

నియమాలు తొమ్మిది వాక్యాలు. సర్వర్ వాటిని పైనుంచి కిందికి చదువుతుంది. ఫైల్ పేరు ముందు ఏ వాక్యానికి సరిపోతే ఆ వాక్యం చెప్పినట్టు చేస్తుంది, ఇక కిందికి చూడదు. రెండో వాక్యం: చెత్త పదాల పట్టికలో ఉన్న పదం పేరులో ఉంటే మూసెయ్. మూడోది: పేరులో ప్రతి అక్షరం తెలుగైతే తెరువు. మధ్యలో ఉన్నవి పంపులకూ లిఫ్టులకూ. ఆఖరి వాక్యం: మిగతావన్నీ మూసెయ్.

దాని కింద ఒక ఖాళీ చోటు, "స్థానిక సవరణలు ఇక్కడ రాయవచ్చు" అని. నాకు ఇచ్చిన చోటు అది. మిగతావన్నీ మూసెయ్ అన్న తర్వాత ఇంకేం మిగులుతుందిరా? అక్కడ నేను రామకోటి రాసినా సర్వర్ చదవదు.

చెత్త పదాల పట్టిక తెరిచాను. నాలుగో పదం, "పెంట".

ఒళ్లు మండింది. మనిషి పేరు చెత్త పదమా? మూడో వాక్యం దాకా పోనిస్తే ఆమె తలుపు తెరుచుకునేది. పెంటవ్వ కన్నా తెలుగు పేరు ఇంకేముంది?

షిఫ్ట్ ఇన్‌చార్జి ఓదెలు సార్‌కు చూపించాను. ఆయన అద్దాలు నుదుటి మీదికి తోసి చదివాడు.

"దొరికింది గద. ఫిర్యాదు పెట్టు. తిట్లు లేకుండ పెట్టు."

తిట్లు లేకుండానే పెట్టాను. రెండుసార్లు చెరిపి రాయాల్సి వచ్చింది.

నమోదు 3

జవాబు కోసం ఎదురుచూస్తూ పెంటవ్వ దగ్గర కూర్చున్నాను. జొన్న గట్క పెట్టింది. నేను దిక్కులేకుండా ఈ గ్యాలరీలో తిరిగిన రోజుల్లో, పారేసిన కాగితాలు ఏరుకుని సర్వర్ పని నేర్చుకున్న రోజుల్లో నాకు తిండి పెట్టిన చెయ్యి అది.

"గీ పేరు ఎవలు పెట్టిండ్రే నీకు?"

"మా అవ్వ. నా ముందట నలుగురు పుట్టి పోయిండ్రు. నేను పుట్టంగనే తీస్కపోయి పెంట మీద పడేసిండ్రు. చేదబావి కాడి ముసలామె ఎత్తుకొచ్చి, దొరికింది తీస్కోండ్రని మా అవ్వకే ఇచ్చింది. పెంట మీద దొరికినదాన్ని సావు గూడ ముట్టదని." నవ్వబోయి దగ్గింది. చాలాసేపు దగ్గింది. "ముట్టలే గద మరి."

సాయంత్రం జవాబు వచ్చింది. నమ్మలేకపోయాను. "మీ అభ్యంతరం సమంజసం. పట్టిక నుంచి ఆ పదం తొలగించడమైనది." ఏడేళ్లలో వాళ్లు నా మాట విన్నది ఇదే మొదటిసారి. గ్యాలరీలో అటూ ఇటూ పరిగెత్తి అందరికీ చెప్పాను. పెంటవ్వను ఆమె గదిలోకి తీసుకెళ్లి, గంట ఎప్పుడు తిరుగుతుందా అని రేకు కేసి చూస్తూ నిలబడ్డాం.

గంట తిరిగింది. తలుపు తెరుచుకోలేదు.

నమోదు 4

ఇవాళ లింగయ్య గది మూసుకుంది. లింగయ్య లోడర్, పక్కవాడి మీద అరవకుండా బువ్వ తినలేని మనిషి. పేరులో ఏ చెత్తా లేదు, శివుడి పేరు.

"నీ పెట్టెకు దేవుడు గూడ పనికిరాడా?" అని నా మీద పడ్డాడు.

"నా పెట్టె కాదు, వాళ్ల పెట్టె."

"ఎవల పెట్టెనో నాకెందుకే? తుడిసేది నువ్వు, నూనె పోసేది నువ్వు, తలుపు మూసింది మటుకు వాళ్లా?"

షిఫ్ట్ దిగేసరికి పదిహేడు గదులు. ఫ్యూజు పోయి ఒక వరుస తలుపులన్నీ ఆగి మళ్లీ మొదలయ్యాయి. ఇక ఏ తలుపునూ ఆగనివ్వకూడదని వైర్లన్నీ బిగించుకుంటూ తిరిగాను. కానీ ఆగుతాయి. ముసలి తలుపులు. ఏదో ఒకటి ఆగుతూనే ఉంటుంది.

నమోదు 5

ముప్పై నాలుగు గదులు.

మూసుకున్న పేర్లు ఒక కాగితం మీద, ఆగి మొదలైనా తెరిచి ఉన్నవాటిలో గుర్తున్నవి ఇంకో కాగితం మీద రాశాను. పెంటవ్వ, లింగయ్య, కొంరయ్య, గంగు, సాంబడు. ఇటువైపు మల్లేశు, రాజవ్వ, ఓదెలు, పోశాలు. కాసేపు కూర్చుంటే గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది. మూసుకున్న ప్రతి పేరులోనూ సున్న ఉంది. తెరిచి ఉన్నవాటిలో ఎక్కడా లేదు.

అంటే పైకార్యాలయం దద్దమ్మలకు సున్న తెలుగు అక్షరం అని తెలియదన్నమాట! ఈ మాట ఎంత సంతోషంగా రాస్తున్నానో నాకే సిగ్గుగా ఉంది. రెండో ఫిర్యాదు పెట్టాను, ఈసారి తిట్లతోనే.

అప్పుడు పన్నెండో గది గుర్తొచ్చింది. దాని తలుపు నిన్నటి వరుసలోదే. ఆగింది, మొదలైంది, శుభ్రంగా తెరుచుకుంది. ఆ గదిలో ఉన్నది అంజలి అనే నాలుగేళ్ల పిల్లా, వాళ్ల అమ్మా. అంజలిలో సున్న లేదా?

ఉంది. అయినా తెరుచుకుంది. రాసిన ఫిర్యాదు వెనక్కి రాదు.

నమోదు 6

పెంటవ్వ, అంజలి ఫైళ్ల పేర్లు పక్కపక్కన పెట్టి చూశాను. కళ్లకు ఏమీ కనిపించలేదు. కళ్లు వదిలేసి లెక్కపెట్టాను. తెలుగు అక్షరం ఏదైనా, గుణింతమైనా పొల్లయినా, సర్వర్ లోపల మూడు బైట్లు ఆక్రమిస్తుంది; వత్తంటే పొల్లూ అక్షరమూ, రెండు ముక్కలు. ఇంగ్లీషు అక్షరం ఒక్కటే బైటు. పెంటవ్వ పేరు సర్వర్‌కు ఏడు ముక్కలు, అంటే ఇరవై ఒక్క బైట్లు ఉండాలి.

పందొమ్మిది ఉన్నాయి.

రెండు తక్కువ. మూడు ఉండాల్సిన చోట ఒకటి. సున్న ఉండాల్సిన చోట సున్న కాదు, ఇంగ్లీషు "o" ఉంది. అదే గుండ్రం, అదే ఎత్తు. ఎవరూ పోల్చుకోలేరు, సర్వర్ తప్ప. మూడో వాక్యం ప్రతి అక్షరం తెలుగై ఉండాలంది. పెంటవ్వ పేరు మధ్యలో ఒక పరాయి అక్షరం కూర్చుని ఉంది. కాబట్టి పెంటవ్వ బయటి మనిషి.

ఎవడు కొట్టాడు ఇలా? ఫైల్ అడుగున కొట్టిన చెయ్యి గుర్తు ఉంటుంది. తెరిచాను.

సా-7.

సారక్క, ఏడో గ్యాలరీ.

ఏడేళ్ల కింద అందరూ పైనుంచి దిగిన వారం అది. నాకు పదిహేనేళ్లు. పేర్లు ఎక్కించడానికి చేతులు చాలక, అక్షరాలు వచ్చిన ప్రతివాళ్లనూ కూర్చోబెట్టారు. నా కీబోర్డు మీద సున్న మీట ఊడిపోయి ఉంది. అడిగితే పక్కకు నెట్టేస్తారని భయం. చూసి చూసి "o" కొట్టాను. తెర మీద అచ్చం సున్నలాగే పడింది. నాకు నేనే కనిపెట్టానని, ఎవరూ నేర్పకుండానే కనిపెట్టానని ఆ రోజు ఎంత పొంగిపోయానో ఇప్పటికీ గుర్తుంది. పాత నియమం ఈ గ్యాలరీ ఫైల్ ఏదైనా తెరువు అనేది. అందుకే ఇన్నేళ్లూ బయటపడలేదు. అంజలి పుట్టేసరికి కొత్త కీబోర్డు వచ్చింది.

సా-7 గుర్తున్నవి, పేరులో ఆ "o" ఉన్నవి వెతికాను. రెండు వందల పన్నెండు మంది.

నమోదు 7

ఓదెలు సార్‌కు చెప్పాను. ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"ఇంకెవలికన్న జెప్పినవా?"

"లేదు సార్."

"జెప్పకు. తెలిస్తె నిన్ను పైకి పంపుతరు. ఎండకు. పెట్టెను సూసేటోళ్లు ఎవలున్నరు ఇంకో మనిషి? నాకు ఫ్యాన్లు తెలుసు గని నీ బైట్లు నాకెర్కనా?"

"సున్నలు మార్చి కొడ్తా సార్. ఒక్క పూట పని."

"పేర్లకు ముద్ర పడ్డది బిడ్డా. ఎక్కినంక మనమే గాదు, ఎవలం మార్చలేం. నీ చేతికి ఇచ్చినయి రెండే ఫారాలు. పుట్టుడు, సచ్చుడు."

పైవాళ్ల నియమంలో ఒక్క ముక్క కలపాలి: తెలుగు అక్షరాల మధ్య ఒంటరిగా "o" ఉంటే సరే అనుకో. ఇంతే. అది ఆఖరి వాక్యానికి పైన ఉండాలి. పైన రాసే చెయ్యి నాది కాదు. మూడో ఫిర్యాదులో అంతా ఒప్పుకున్నాను. కొట్టింది నేనే, పదిహేనేళ్లప్పుడు, మీట లేక, అడగడానికి భయపడి. పెంటవ్వ పేరు "o"తో ఒకసారి, సున్నతో ఒకసారి కొట్టి, నియమాలకు ఇచ్చి చూసి జతచేశాను: మొదటిదానికి మూసెయ్, రెండోదానికి తెరువు. ఓదెలు సార్ చదివి తల పట్టుకున్నాడు గానీ ఆపలేదు.

ఇప్పటికి తొంభై గదులు. ఇద్దరి గదుల్లో ఐదుగురు ఉంటున్నారు. వంతులవారీగా నడవలోకి పోయి నిలబడుతున్నారు. నడవలో గాలి నడిచిపోయేవాళ్లకు సరిపోతుంది, నిలబడేవాళ్లకు కాదు.

నమోదు 8

ఫోన్ చేశారు. మాట్లాడింది హరనాథ్ గారని పైకార్యాలయం మనిషి. మర్యాదస్థుడు. అదే నా ఖర్మ, తిట్టడానికి కూడా వీలివ్వలేదు.

"మీ మూడు అర్జీలూ చూశానమ్మా. సున్న తెలుగు అక్షరమేనండి, మా పట్టికలో ఉంది. ఆ తర్వాత మీరు పంపిన రెండు పేర్లూ పోల్చాం. మొదటిది పెంటవ్వ. రెండోది పెంటవ్వ. తేడా ఏమిటో చెప్పండి?"

"సార్, మొదటిదాంట్ల సున్న లేదు. ఇంగ్లీష్ ఓ ఉంది."

"సున్న కనపడుతోంది కదమ్మా."

"కనపడ్తది సార్. కానీ కాదు. మీరు బైట్లు లెక్కపెట్టుండ్రి. పందొమ్మిదే ఉన్నయ్."

"అలా కుదరదండి. ఇదివరకు యంత్రంతో పోల్చి చాలా పొరపాట్లు జరిగాయి. ఇప్పుడు మనిషే కంటితో చూసి ధ్రువీకరించాలి. నేనూ చూశాను, మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి గారూ చూశారు. రెండూ ఒకటే."

"ఒకటే అయితే ఒకటి మూస్కుంటది, ఒకటి తెర్సుకుంటది ఎందుకు సార్?"

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"అది తలుపు లోపం అయ్యుండాలమ్మా. ఫ్యాన్లూ తలుపులూ వేరే విభాగం. మీ అర్జీ ఇక్కడికి ముగిస్తున్నాను. ఏమీ అనుకోకండి."

ఫోన్ పెట్టేశాక గోడను తన్నాను. కాలు వాచింది. గోడకు ఏమీ కాలేదు.

నమోదు 9

కొంరయ్య తాత నడవలో తన వంతు నిలబడి ఉండగా కూలబడ్డాడు. మోసుకొచ్చేలోపే పోయాడు. ఆయన పేరు నా రెండు వందల పన్నెండులో నలభయ్యోది.

సచ్చుడు ఫారం నేనే నింపాను. ఆ ఫారం ఇన్నాళ్లూ సరిగ్గా చదవలేదు. చావు ఎక్కించిన గంటకు ఆ పేరు సర్వర్ లోంచి పూర్తిగా పోతుంది. ముద్రతో సహా. ఆ పేరు మళ్లీ ఎవరికైనా పెట్టవచ్చు.

చాలాసేపు ఆ వాక్యం చూస్తూ కూర్చున్నాను.

నమోదు 10

పెంటవ్వతో చెప్పాను. నిన్ను సచ్చిపోయినట్టు రాస్తా, గంట తర్వాత పుట్టినట్టు రాస్తా అని. ఈసారి నిజం సున్నతో. సున్న ఎక్కడ పోయిందో, ఎవరి వల్ల పోయిందో కూడా చెప్పాను.

ఆమె తిడుతుందనుకున్నాను. నా చెయ్యి తీసుకుని వేళ్లు చూసింది.

"గీ యేళ్లేనా?"

"అవునే."

"మంచిగ బువ్వ దినలే నువ్వప్పుడు. సన్నగ పుల్లలోలె ఉండెటియి." ఊపిరి తీసుకుంది. "ఇగ సంపు."

చావుకు కారణం అనే గడి ఖాళీగా వదలనివ్వదు. రోగం, ప్రమాదం, ముసలితనం, ఇతరం. ఇతరం నొక్కి, వివరంలో నా పేరు కొట్టాను.

తలుపు మూసుకున్నవాళ్లు పక్క గదుల్లో సర్దుకోవచ్చు గానీ, ఆ గంటసేపు అసలు ఫైలే లేని మనిషి ఏ గదిలో ఉన్నా ఆ గది తలుపు మూసుకుంటుంది. అందుకని ఇద్దరం నడవలో కూర్చున్నాం. ఆమె వీపు రుద్దుతూ ఉన్నాను. నలభై నిమిషాలప్పుడు పెదవులు నల్లబడ్డాయి. గంట తిరిగాక పరిగెత్తి పుట్టుడు ఫారం తెరిచాను. పేరు: పెంటవ్వ. బైట్లు ఇరవై ఒకటి, మూడుసార్లు లెక్కపెట్టాను. తల్లి పేరు: గ్యాలరీలో బతికి ఉన్న ఆడమనిషి అయ్యుండాలి. ఇంకెవరినీ అడిగే వ్యవధి లేదు. సారక్క.

ముప్పై ఒకటో గది తలుపు కదిలింది. నాలుగో వంతు లేచి ఆగిపోయింది.

పెంటవ్వ దాని కింద మొహం పెట్టి పడుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచి, "అవ్వా, ఆకలైతాందే," అంది. నవ్వాను. తర్వాత బయటికి వచ్చి ఏడ్చాను.

నాలుగో వంతు అంటే పసిపిల్లల వాటా. వయసును బట్టి పెరుగుతుంది. పన్నెండేళ్లకు తలుపు పూర్తిగా లేస్తుంది. వయసు గడిలో అరవై ఎనిమిది కొట్టి చూశాను. పుట్టుడు ఫారం సున్న తప్ప ఏదీ తీసుకోలేదు.

నమోదు 11

ఏడో గ్యాలరీకి రోజుకు రెండు పుట్టుకలకే అనుమతి. ఒకటి నిన్న పెంటవ్వకు పోయింది, రెండోది నిన్ననే ఎవరికీ కాకుండా పోయింది, నేను ఏడుస్తూ కూర్చున్నందుకు. ఇంకా రెండు వందల పది మంది ఉన్నారు. నూట ఐదు రోజులు. అది కూడా నాలుగో వంతు గాలి కోసం.

పొద్దున అందరినీ పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొట్టింది నేనే అని కూడా. ఓదెలు సార్ నా ముందు వచ్చి నిలబడ్డాడు, ఎవరైనా చెయ్యి చేసుకుంటారేమోనని. ఎవరూ చేసుకోలేదు. చేసుకుంటే బాగుండేది. లింగయ్య ఒక్కడే గట్టిగా అడిగాడు.

"నీకు బువ్వ పెట్టిందని ముందుగాల ఆమెకా?"

"అవును," అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

చీట్లు వేశారు. ఇవాళ్టి రెండు చీట్లలో మొదటిది గంగుకు వచ్చింది, ఆమె పని అయిపోయింది. రెండోది లింగయ్యకు వచ్చింది.

నమోదు 12

ఇది కూడా ఇవాళ్టిదే. షిఫ్ట్ దిగేముందు రాస్తున్నాను.

లింగయ్య చావు ఎక్కించి గంట గడిచింది. నడవలోంచి లేచి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. పుట్టుడు ఫారం తెరిచాను. పేరు కొట్టాను, లెక్కపెట్టాను. తల్లి పేరు గడి దగ్గరికి వచ్చాను.

"అక్కడ నీ పేరు గొట్టకు," అన్నాడు.

"రాజవ్వ పేరు కొట్టనా? అంజలి వాళ్ల అమ్మ పేరు?"

"ఎవల పేరు వద్దు. నాకు అవ్వ ఉన్నది. కనకవ్వ. రాయి."

కనకవ్వ ఏడేళ్ల కింద బాయిలోకి దిగే వరుసలో నిలబడి, తన నంబరు వచ్చేలోపే ఎండకు పోయింది. ఆ వరుసలో నేనూ ఉన్నాను. లింగయ్య ఆమెను భుజాన వేసుకుని గేటు దాకా మోసుకొచ్చాడు, బతికి ఉన్నవాళ్లనే దింపుతామంటే అక్కడే దించి వచ్చాడు. కనకవ్వ అని కొట్టాను. ఆ పేరు గల మనిషి లేదని ఫారం తిప్పి కొట్టింది. అతనికి కనిపించేలా తెర తిప్పాను.

"ఇంకోసారి గొట్టు."

ఇంకోసారి కొట్టాను. మళ్లీ తిప్పి కొట్టింది.

షిఫ్ట్ ముగియడానికి పదకొండు నిమిషాలు ఉన్నాయి. ముగిస్తే ఇవాళ్టి పుట్టుక పోతుంది. రేపటిది ఇంకెవరి చీటీకో పోతుంది, ఈ మనిషి ఏ గదికీ చెందకుండా రాత్రంతా నడవలో ఉండాలి. ఇదంతా అతనికి చెప్పాను. విన్నాడో లేదో తెలియదు. తెర మీద ఖాళీ గడిని చూస్తున్నాడు. ఊపిరి కోసం నోరు తెరిచి, మూసి, తెరిచి. ఏమైనా తిట్టు అన్నాను. ఏదో ఒకటి అను లింగన్నా అన్నాను.

నాలుగు నిమిషాలు ఉందనగా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నీ పేరే రాయి," అన్నాడు.

రాశాను.